సావిట్లో ఉప్పునీళ్ళు

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక మా నాన్నగారి నోట ఒక్క మాటే మిగిలింది. అది ‘ఆయ్’.

మా కోనసీమలో ఆ మాటకున్న చలామణీ బయటివాళ్ళకి తెలియదు. ఎవరేమన్నా ముందు ఆయ్ అనడం మాకు మర్యాద. బస్సులో కాస్త జరగమన్నా ఆయ్, భోజనానికి లెమ్మన్నా ఆయ్. చచ్చినా చెయ్యదలుచుకోని పనికైనా ముందు ఆయ్ అనేసి, ఆ తరవాత సంగతి తరవాత చూసుకుంటాం. మా ఎరికలో ఆ మాట అనని మనిషి మా నాన్నగారొక్కరే. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఎవరేం చెప్పినా “అదెలాగండీ?” అని అడ్డం తిరిగేవారు. పెళ్ళి భోజనాల బంతిలో కూడా పక్కవాళ్ళతో వాదన పెట్టుకుని, పెరుగు వడ్డించేదాకా తెగనిచ్చేవారు కాదు. అలాంటి మనిషికి లోకంలో ఇన్ని మాటలుండగా ఆ ఒక్కటీ మిగల్చడం చూసి నాకు దేవుడి మీద ఒళ్ళు మండేది. ఇప్పటికీ చల్లారలేదు.

ఇది డెబ్భైల చివర సంగతి. మేం రాజోలులో ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదివి, ఆడపిల్లల బడిలో నాన్నగారు చెప్పే పాఠాలే చెబుతూ ఉండేదాన్ని. నాన్నగారు పుట్టింది అంతర్వేది దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో. పడవలూ వలలూ తప్ప వేరే బతుకు ఎరగని ఆ ఇంట్లో మొదట బడికి వెళ్ళింది ఆయనే. ఆయన తమ్ముడు, మా బాబాయి, వేటకే వెళ్ళేవాడు. నాన్నగారు ఉద్యోగం పేరు చెప్పి ఇంత దూరం వచ్చారు గానీ, సెలవొస్తే చాలు బస్సెక్కి సముద్రం చూసి వచ్చేవారు. పని ఉండి కాదు, ఊరికే చూడడానికి. జబ్బు చేశాక ఆ చూడడం కూడా పోయింది.

మా ఇంటి ముందుగదిని సావిడి అనేవాళ్ళం. ఆ సావిట్లో మూల ఒక గాజు తొట్టి ఉండేది. ఇనుప చట్రానికి అద్దాలు బిగించి, సందుల్లో లప్పం పెట్టించి, జబ్బు రావడానికి ముందు ఏడు నాన్నగారే చేయించారు. “చెరువు చేపని సీసాలో ఎవరైనా పెంచుతారండీ. సముద్రాన్ని ఇంట్లో బతికించి చూపిస్తే అదీ సైన్సు” అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు. ఈలోగా పరీక్షలొచ్చాయి, పరీక్షల తరవాత జబ్బొచ్చింది. తొట్టి ఖాళీగా ఎందుకని అమ్మ అందులో ఉల్లిపాయలు పోసింది.

పడక్కుర్చీలో కూర్చోబెడితే నాన్నగారు ఆ ఉల్లిపాయల వంకే చూస్తూ ఉండేవారు. రోజులో ఎక్కువభాగం అదే చూపు. ఓ ఆదివారం అడిగాను, “తొట్టి కడదామా నాన్నగారూ? ఉప్పునీళ్ళతోనే?” అని. “ఆయ్” అన్నారు. అది లెక్కలోకి రాదు, రాగిజావకీ అదే అంటారు. కానీ ఆ పూట ఆయన ఎడమచెయ్యి కుర్చీ మీంచి లేచి, తొట్టి వైపు చాపి, అలాగే గాల్లో ఉండిపోయింది. నేను వెళ్ళి పట్టుకుని దించేదాకా దిగలేదు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పడుకుని ఉంది.

ఉల్లిపాయలు తీసేసి పని మొదలుపెట్టాను. నాకు తెలిసిందల్లా కాలేజీ లాబ్‌లో చూసినదే, అక్కడున్న చేపలన్నీ సీసాల్లో చచ్చినవి. బతికినదాన్ని బతికించడం నాకు ఎవరూ నేర్పలేదు. మొదట ఆ ఇనుము సంగతి చూడాలి. ఉప్పునీళ్ళు ఇనుమును తినేస్తాయి, ఆ తుప్పు చేపను తినేస్తుంది. చట్రానికీ లప్పానికీ లోపలి వైపు పడవలకి రాసే తారు రెండు పూతలు వేసి, వాసన పోయేదాకా ఎండలో పెట్టాను. ఇసక బాబాయి పంపించాడు. దాన్ని బియ్యం కడిగినట్టు కడిగి కడిగి పారబోశాను, నీళ్ళు తేటగా వచ్చేవరకూ. సబ్బు తగలకూడదని అమ్మని బతిమాలుకుని ఒక కొత్త బకెట్టు దానికే కేటాయించాను.

నీళ్ళకి గాలి కావాలి. కాకినాడ నించి ఒక చిన్న కరెంటు పంపు తెప్పించాను, కందిరీగలా రొద చేసేది. దానికి గొట్టం కొనలేదు. ఆసుపత్రిలో నాన్నగారికి సెలైను ఎక్కించిన గొట్టాలు అమ్మ ఎందుకో కడిగి దాచింది, అవే పెట్టాను. చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ రేకు ఒకటి అడుగున ఎత్తుగా పరిచి, దాని మీద ఇసక పోశాను. నీరు ఇసకలోంచి కిందికి దిగి గొట్టంలోంచి పైకి వస్తూ తనను తానే వడకట్టుకుంటుంది. మాకు కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. అది పోతే వాడుకోవడానికి ఒక లారీ ట్యూబులో సైకిల్ పంపుతో గాలి నింపి పెట్టుకునేదాన్ని. సెలైను గొట్టానికి ఉండే చిన్న చక్రం తిప్పి ఆ గాలిని సన్నగా వదిలితే పూట గడిచేది. మా అమ్మ ఆ బుడగలకేసి చూసి, “ఈయనకి ఎక్కించినట్టే దానికీ ఎక్కిస్తన్నావే” అంది. ఆ మాటకి నవ్వబోయి ఇద్దరం ఊరుకున్నాం.

నీళ్ళు తెచ్చే బాధ్యత బాబాయిది. అంతర్వేది దగ్గర గోదావరి కలిసేచోట ముంచుకొస్తే దగ్గరే గానీ, వరదల రోజుల్లో అక్కడ సముద్రం సగం గోదావరే. అందుకని పడవలో లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టి, బస్సు మీద వేసుకుని వచ్చేవాడు. మొదటిసారి డబ్బాలు సగానికి సగం వెలితిగా వచ్చాయి.

“కారిపోయాయా బాబాయ్?” అన్నాను.

“కార్లేదే అమ్మా. అంతర్వేది బస్సులో డబ్బాతో నీళ్ళు కనబడితే ఇంకేవుంది, సంగమం నీళ్ళనుకున్నారు. ఆడోళ్ళందరూ చేతులు పట్టేరు. నెత్తిన జల్లుకుంటావండీ, కొంచెం పొయ్యండీ అంటంటే, ఇవి చేపలకని ఎలా చెప్పేది? ఆయ్ అనేసి పోసేను.”

నాన్నగారు కుర్చీలో భుజాలు కదిలేలా నవ్వారు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి చూసింది.

తొట్టి నిండింది. నిండాక అసలు కష్టం మొదలైంది, ఏమీ చెయ్యకుండా ఉండడం. కొత్తనీటిలో చేపను వేస్తే చస్తుంది. ఇసకలో కంటికి కనబడని జీవం పుట్టాలి, చేప విడిచే మురికిని అది అరిగించుకోవాలి. దానికి వారాలు పడతాయి. రెండు గవ్వపురుగుల్ని మాత్రం వేసి ఊరుకున్నాను. పరామర్శకి వచ్చినవాళ్ళు, “చేపేదండీ?” అని అడిగేవారు. లేదంటే, “నీళ్ళే చూస్తారాండీ మాస్టారు?” అనేవారు. ఆయన “ఆయ్” అనేవారు. వాళ్ళు, “పాపం, తెలివి బాగానే ఉందండీ” అని అమ్మకి చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవారు. వాళ్ళని గుమ్మంలోనే ఆపేద్దామనిపించేది నాకు. అమ్మ మాత్రం ఆ మాటతోనే బతికేది. “అన్నీ పోయినా మంచిమాట మిగిలింది, అదృష్టం” అనేది. రోజంతా ఆయన్ని ఏదో ఒకటి అడిగేది. జావ తాగుతారా అండీ? ఆయ్. రేడియో పెట్టనా అండీ? ఆయ్. కిటికీ మూసెయ్యనా అండీ? ఆయ్. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అమ్మ మాటకి ఎదురులేకపోవడం అదే మొదటిసారి. జావ తాగుతున్నప్పుడు ఆయన కంట్లో నీళ్ళు తిరిగేవి. జబ్బు మనిషికి కంట్లో నీరు మామూలే అనుకున్నాం అందరం.

చలికాలంలో బాబాయి మూడు చేపపిల్లల్ని తెచ్చాడు. వేలెడంతే, ఒంటి నిండా వంపు తిరిగిన నల్లచారలు. శంఖంలో కాపురముండే ఒక పీతనీ తెచ్చాడు. వాటిని తెచ్చిన నీళ్ళలోకి తొట్టినీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ, పూట గడిచాక విడిచిపెట్టాం. నాన్నగారి కుర్చీ తొట్టి పక్కకి జరిపాం. ఎండురొయ్యల పొడి చిటికెడు ఆయన ఎడమచేతి వేళ్ళ మధ్య పెడితే, నీళ్ళ మీదకి తీసుకెళ్ళి రాల్చేవారు. మొదట్లో సగం కుర్చీ మీదే పడేది. సంక్రాంతి దాటేసరికి ఒక్క రవ్వ కూడా బయట పడలేదు. ఎక్కువ పడబోతే చెయ్యి తనే వెనక్కి లాక్కునేవారు. ఆ చేతికి తెలిసినంత మా ఎవరికీ తెలియదు ఆ తొట్టి సంగతి.

నీటిమట్టం తగ్గితే తెలియడానికి అద్దం మీద గోళ్ళరంగుతో ఒక గీత గీశాను. తగ్గినప్పుడల్లా బావినీళ్ళు ఒక గ్లాసు, అరగ్లాసు నేనే పోస్తూండేదాన్ని, బడికి వెళ్ళే హడావుడిలో, అమ్మ కంటపడకుండానే. వేసవిలో మా టీచర్లందరికీ రాజమండ్రిలో శిక్షణ పెట్టారు. వెళ్ళేటప్పుడు అమ్మకి అన్నీ అప్పజెప్పాను. మేత ఇంత, పంపు ఇలా, కరెంటు పోతే ట్యూబు అలా. “నీళ్ళు తగ్గితే గీతదాకా పొయ్యి” అన్నాను. ఏ నీళ్ళో చెప్పాలని నాకు తోచనే లేదు.

తిరిగొచ్చేసరికి చేపలు లేవు. శంఖంలో పీత ఒక్కటే లోపలికంటా ముడుచుకుని ఉంది. అద్దం అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. వేలు ముంచి నోట్లో పెట్టుకుంటే చేదెక్కేంత ఉప్పు.

“ఏ నీళ్ళు పోసేవమ్మా?” అన్నాను.

అమ్మ మూల ఉన్న డబ్బాలు చూపించింది. బాబాయి తెచ్చి నిలవ ఉంచిన సముద్రపు నీళ్ళు అన్నీ అయిపోయాయి. “ఉప్పులో ఊరేసిన మావిడికాయల జాడీలో ఊట తగ్గితే ఏం పోస్తావేంటే? మంచినీళ్ళు పోస్తే బూజు పట్టదూ? ఉప్పునీళ్ళేగా పోస్తాం. నాకా మాత్రం తెలీదా?” అంది.

కోనసీమలో పుట్టి, జాడీలు పట్టిన ఏ ఆడదైనా అదే చేస్తుంది. జాడీకి మూత ఉంటుంది, తొట్టికి లేదు. ఎండకి నీళ్ళు పోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. పోయినచోట మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తే రోజురోజుకీ ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పుమళ్ళు చూపిస్తూ నాన్నగారు పిల్లలకి ఏటా చెప్పే పాఠమే అది. ఊళ్ళో సగంమంది ఆ పాఠం విన్నారు. వినని మనిషి అమ్మ.

“ఆయన్ని అడక్కుండా పోసేనేంటి? రోజూ అడిగేదాన్ని. ఎంత సరదాగా ఆయ్ అనేవారో తెలుసా?” అంటూ, ఎలా పోసిందో చూపించడానికి ఖాళీ డబ్బా ఎత్తి తొట్టి మీదకి వంచింది. “పోయనా అండీ?”

“ఆయ్! ఆయ్!” అన్నారు నాన్నగారు. ఎడమచేత్తో కుర్చీ చేతిని కొడుతున్నారు, చెక్క చప్పుడయ్యేలా. మెడనరాలు పైకి తేలాయి.

“చూసేవా? రోజూ ఇలాగే” అంది అమ్మ.

నేను ఆయన చెయ్యి చూశాను. వంటింట్లోకెళ్ళి ఒక గ్లాసులో బావినీళ్ళు తెచ్చాను. తొట్టిలోంచి ఇంకో గ్లాసుతో ఉప్పునీళ్ళు ముంచాను. రెండూ ఆయన ముందు పెట్టి, “ఏది పొయ్యాలి నాన్నగారూ?” అన్నాను. ఆయన బావినీళ్ళ గ్లాసు పట్టుకున్నారు. గ్లాసులు అటుదిటూ ఇటుదటూ మార్చి మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే పట్టుకున్నారు. ఈసారి వదల్లేదు. నీళ్ళు ఒళ్ళో ఒలికాయి, అయినా వదల్లేదు.

తన కళ్ళ ముందు తన పాఠాన్నే తప్పు చేస్తూంటే, తను నిలబెట్టుకున్న చేపలు ఒక్కొక్కటే తేలుతూంటే, వద్దు వద్దని ఆయన రోజూ అరిచారు. మా చెవికి అది ఆయ్ అని వినబడింది. ఆ మాట ఆయనది కాదు, పాడయిన నాలుకది. మేం మర్యాదకి అలవాటుపడ్డ మనుషులం గనక దాన్నే పట్టుకుని సంతోషించాం. ఏడుపు రాలేదు నాకు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

అమ్మ లోపలికి వెళ్ళింది. జావగ్లాసు ఒక చేత్తో, కాఫీగ్లాసు ఒక చేత్తో పట్టుకుని వచ్చింది. రెండూ ఆయన ముందు చాపి నిలబడింది. నోరు తెరిచి అడగలేదు. నాన్నగారు ఎడమచేతి వెనకవైపుతో జావగ్లాసుని పక్కకి నెట్టేశారు. మెల్లగానే నెట్టారు. అమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

“ఇన్నాళ్ళూ... వద్దన్నవన్నీ పెట్టేనా అండీ నేను?” అంది.

“ఆయ్” అన్నారు నాన్నగారు. చెయ్యి మాత్రం అమ్మ తల మీద పెట్టారు.

ఆ రోజునించీ మా ఇంట్లో అడిగే పద్ధతి మారింది. ఏదడిగినా రెండు వస్తువులు తెచ్చి చూపించాలి, చేతులు మార్చి ఇంకోసారి చూపించాలి, చెయ్యి కదిలేదాకా ఆగాలి. ఆ చెయ్యి కదలడానికి చాలాసేపు పట్టేది. అమ్మ అంతసేపూ నిలబడేది. అలా తెలిసింది, ఆయనకి రేడియో అక్కర్లేదని, కిటికీ తెరిచే ఉండాలని, పరామర్శలకి వచ్చేవాళ్ళలో కొందరి మొహం చూడడం ఇష్టం లేదని. వాళ్ళు వచ్చినప్పుడు అమ్మ, “నిద్రపోతన్నారండీ” అని గుమ్మంలోంచే పంపేసేది. పాత మాస్టారు ఇంట్లోకి తిరిగొచ్చినట్టయింది నాకు. మళ్ళీ అన్నిటికీ అడ్డం తిరగడం మొదలుపెట్టారు.

తొట్టిని కూడా మొదటినించీ కట్టాం. నీళ్ళు కొంత తీసి, బావినీళ్ళు రోజుకి కాస్త చొప్పున కలిపి, ఉప్పు సరికి తెచ్చాం. ఒక్కసారిగా తెస్తే పీత కూడా దక్కదు. మళ్ళీ చేపలేని నీళ్ళు చూస్తూ వారాలు గడిపాం. మళ్ళీ బాబాయి చారల చేపలు తెచ్చాడు. ఈసారి పొద్దున్నే గీత చూసి గ్లాసుతో మంచినీళ్ళు పొయ్యడం అమ్మ తన పని చేసుకుంది. గ్లాసు ఆయనకి చూపించి, “పోయనా అండీ?” అని చేతికేసి చూసేది. చెయ్యి తొట్టి వైపు వెళితే పోసేది. ఆ చేపలు ఏళ్ళు బతికాయి. పెద్దవైతే బాబాయి పట్టుకెళ్ళి సముద్రంలో వదిలి, చిన్నవి తెచ్చేవాడు.

ఎనభైల్లోకి వచ్చాక నాకు పెళ్ళయి అమలాపురం వెళ్ళాను. ఒక వానాకాలం నాన్నగారికి ఊపిరి అందడం లేదని కబురొస్తే వచ్చాను. డాక్టరు గారు చూసి, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళితే ఏమవుతుందంటే, చెప్పలేమన్నారు. బాబాయి కారు మాట్లాడుకొచ్చాడు. గోదావరి పంటు మీద దాటాలి, వరద పెరిగితే పంటు ఆపేస్తారని తొందరపడుతున్నాడు. మంచం మీదకి వంగి, “అన్నయ్యా, కాకినాడ వెళదావా?” అన్నాడు.

“ఆయ్” అన్నారు నాన్నగారు.

బాబాయి డ్రైవర్ని కేకెయ్యడానికి బయటికి తిరిగాడు.

“ఆగవయ్యా” అంది అమ్మ.

చిలక్కొయ్యకున్న కండువా తీసుకొచ్చింది, ఆయన ఊరెళ్ళేటప్పుడు వేసుకునేది. తొట్టి పక్కన బోర్లించిన గ్లాసు తీసుకొచ్చింది. మంచానికి ఈ పక్క కండువా, ఆ పక్క గ్లాసు పెట్టింది. “వెళదామా? ఇక్కడే ఉందామా అండీ?” అంది.

“ప్రాణం మీదకొచ్చినప్పుడు కూడా అడుగుతారేంటి వదినా? ఆయ్ అన్నాడు కదా!” అన్నాడు బాబాయి గుమ్మంలోంచే.

“చేపలప్పుడూ అడిగేం. మనం విన్లేదు” అంది అమ్మ.

అందరం ఆ చేతికేసి చూస్తూ నిలబడ్డాం. బయట కారు ఇంజను తిరుగుతూనే ఉంది. చెయ్యి దుప్పటి మీద మెల్లగా జరిగి గ్లాసు మీద ఆగింది. అమ్మ రెండూ అటూ ఇటూ మార్చింది. ఈసారి కండువా మీదకి పోవాలని ఆమె మనసులో ఎంత కోరుకుందో నాకు తెలుసు, నేనూ అదే కోరుకున్నాను. చెయ్యి మళ్ళీ వెళ్ళి గ్లాసునే పట్టుకుంది.

అమ్మ కండువా మడతపెట్టి కొయ్యకి తగిలించింది. బాబాయి వెళ్ళి కారు పంపేశాడు.

నాన్నగారు ఇంకో నాలుగురోజులు ఉన్నారు, మంచం సావిట్లో తొట్టి పక్కనే. సంగమంలో ఆయన్ని కలిపి వచ్చాక, ఇంకెందుకు ఈ చాకిరీ, చేపల్ని కూడా తీసుకెళతానన్నాడు బాబాయి. అమ్మ ఒప్పుకోలేదు.

నేను వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. పొద్దున్నే గీత చూసి, గ్లాసుతో బావినీళ్ళు తెచ్చి, ఖాళీగా ఉన్న పడక్కుర్చీ వైపు చాపి, “పోయనా అండీ?” అనేది. ఒక చెయ్యి కదలడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నిలబడి, అప్పుడు పోసేది.